తొంభైతో గుణిస్తే

చిన్నాయనకూ అన్నకొడుక్కూ నడుమ పంచాయితీ, మూడెకరాల పొలం మీద. మూడు గంటల సేపు నడిచిన మాటలు మాత్రం డాలర్ల మీద.

2026 కనుమ నాటి సాయంత్రం. మాడుగులపల్లి టోల్‌గేటు దగ్గర లారీల హారన్లు వినపడేంత దూరంలో ఉంటుంది వాళ్ల ఇల్లు. నన్ను పిలిచింది పెద్దమనిషిగా. బడి నుంచి రిటైరై ఏళ్లు గడిచినా ఊళ్లో నేనింకా సారునే. చిన్నాయనకూ ఎక్కాలు నేర్పింది నేనే, ఆ తర్వాత పద్దెనిమిదేండ్లకు అన్నకొడుక్కూ నేర్పింది నేనే. కాబట్టి ఎవరి లెక్క తప్పో నేనే తేల్చాలట.

అబ్బాయి ఉండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. 2014లో ఎంఎస్‌కు పోయిండు. తండ్రి కాలం చేశాక పట్టా అబ్బాయి పేరు మీదికి వచ్చింది. ఆ పొలం కౌలుకు చేసేది చిన్నాయన. డిసెంబర్‌లో వీసా స్టాంపింగు కోసం అబ్బాయి హైదరాబాద్ వచ్చిండు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఉండె. సోషల్ మీడియా తనిఖీల పేరుతో వేలమందికి వాయిదా వేసినట్టే ఇతనికీ మార్చికి వేసిండ్రు. భార్యాబిడ్డా అక్కడ, ఇతనిక్కడ. పగలు నిద్ర, రాత్రి ల్యాప్‌టాపు. ఇక్కడ ఊరికే ఉండే రోజుల్లోనే పొలం అమ్మే ముచ్చట బయటికొచ్చింది.

చిన్నాయన: సారూ, వీణ్ని ఒక్కటడుగు. నెలకు తొమ్మిది లక్షల ముప్పై ఆరు వేలు ఇంట్ల పడే మనిషి అయ్య పొలం అమ్ముతనంటడేంది?

అబ్బాయి: తొమ్మిది లక్షలు ఎక్కడివి చిన్నాయినా? ఇద్దరం చేస్తే, ట్యాక్సులూ ఇన్సూరెన్సూ పోను 10,400 డాలర్లు.

చిన్నాయన: 90తో గుణించు.

అబ్బాయి: ఎందుకు గుణించాలె? సంపాదించేది అక్కడ, తినేది అక్కడ. రూపాయల్ల జీతం లేదు, రూపాయల్ల కిరాయి లేదు. గుణకారం ఎయిర్‌పోర్టు కాడనే ఇడిచిపెట్టాలె.

చిన్నాయన: మరి మొన్న మిర్యాలగూడల చెప్పులు కొంటప్పుడు ఇడిచిపెట్టలేదేంది? "ఇవే అక్కడైతే 60 డాలర్లు, ఐదువేల నాలుగొందలు" అని నా ముంగటనే అంటివి. చవుక అనిపించినప్పుడు గుణిస్తవ్. నేను జీతం గుణిస్తే తప్పా?

అబ్బాయి జవాబు చెప్పలేదు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి, బల్ల మీదున్న ఎరువుల బిల్లు తిరగేసి, దాని వెనకాల రాయడం మొదలుపెట్టిండు. రాస్తూ పైకి చదివిండు.

అబ్బాయి: కిరాయి 1,950. పిల్ల డేకేరు 1,450. రెండు కార్ల కిస్తులు 900. రెండు కార్లెందుకంటవేమో, అక్కడ బస్సు కోసం నిలబడితే నిలబడ్డ కాడనే ముసలోణ్నైత. కార్ల ఇన్సూరెన్సు 310. పెట్రోలు 260. కరెంటు, నెట్టు, ఫోన్లు 380. కూరగాయలు, పాలు, ఇండియన్ స్టోరు సరుకులు 900. అమ్మకు పంపేది 500. బయటి తిండి, బట్టలు, పుట్టినరోజుల బహుమతులు, డాక్టరు... ఇవన్నీ కలిపి 1,200 వేసుకో.

చిన్నాయన: (వేళ్ల మీద లెక్కపెట్టి) 7,850. ఇంకా రెండున్నర వేలు మిగిలినయి గదరా! రెండు లక్షల పైచిలుకు!

అబ్బాయి: మిగులుతయి. లేవని నేననలే. ఎవడన్న అమెరికాల పూట గడవట్లేదంటే నమ్మకు. ఉద్యోగం ఉన్నోనికి గడుస్తది. ఉద్యోగం పోయిన 60 రోజులకు మాత్రం గడవది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నోనికి అన్ని దినాలే గడువు. ఆలోపల ఇంకో కంపెనీ దొరకాలె, లేకుంటే మూట కట్టాలె. మిగిలే రెండున్నర వేలను చూస్తే నాకు సంబురం రాదు చిన్నాయినా. ఎన్ని నెలల కిరాయి అయితదో గదే లెక్కేసుకుంట.

నిజం చెప్పాలంటే ఇక్కడ నా మొగ్గు అబ్బాయి వైపు పోయింది. మిగులును నెలల్లో కొలిచేవాడు ధనవంతుడు కాడు. కాని చిన్నాయన తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు.

చిన్నాయన: సరే. మరి పొలం అమ్మి ఏం చేస్తవ్?

అబ్బాయి: ఇల్లు కొంట. నాలుగున్నర లక్షల డాలర్ల ఇల్లు. ముందు 20 శాతం కట్టాలె, అంటే 90,000. ఏటేటా కిరాయి పెంచుతున్నరు. మొన్న రెన్యువల్ మెయిల్ల ఇంకో 110 పెంచిండ్రు.

చిన్నాయన: ఇల్లు కొంటే ఇగ కిరాయి ఉండది.

అబ్బాయి: కిస్తు ఉంటది. ఇంటిపన్ను ఉంటది. టెక్సస్‌ల రాష్ట్రం జీతం మీద పన్ను గుంజది, ఇంటి మీద గుంజుతది. అటూ ఇటుగా రెండు శాతం. ఏడాదికి 9,000.

చిన్నాయన: 9,000 డాలర్లా? (ఆగి, లోపల గుణించుకుని) ఎనిమిది లక్షల పది వేలు? సొంతింటికా? అది సొంతిల్లు ఎట్లైతదిరా, సర్కారుకు కిరాయే గద!

అబ్బాయి: ఆ పైసలతోనే బడి నడుస్తది. పిల్ల పన్నెండో క్లాసు దాక ఫీజు లేదు, బస్సు ఫ్రీ. నువ్వు చెల్లె ఇంటర్‌కు హైదరాబాద్‌ల ఎంత కట్టినవ్?

చిన్నాయన సమాధానం చెప్పకుండా బీడీ ముట్టించిండు. ఎంత కట్టిండో నాకు తెలుసు. ఆ ఫీజు కోసం ఎవరి దగ్గర మిత్తికి తెచ్చిండో కూడా తెలుసు. అది ఈ పంచాయితీలోకి రాదు.

చిన్నాయన: సరే, గదంత ఇడిచిపెట్టు. నువ్వు అక్కడికి పోయినంక నీ ఖర్చు పెరిగిందని చెప్తున్నవ్. నువ్వు పోయినంక నా ఖర్చు ఎంత పెరిగిందో నువ్వెప్పుడన్న లెక్కేసినవా?

అబ్బాయి: నీ ఖర్చా? నేనేం చేసిన?

చిన్నాయన: నువ్వొక్కనివే కాదు. నీ అసుంటోళ్లు. ఇటు కోదాడ, అటు సూర్యాపేట, ఈ దిక్కు మిర్యాలగూడ, ఇంటికొకడు పోయిండు. రోడ్డు పొంటి ఎకరం ఎంత చెప్తున్నరో తెలుసా? మన లోపటి పొలమే 40 లక్షలంటున్నరు.

అబ్బాయి: మేము పొలాలు కొనరానే రాదు చిన్నాయినా. ఎన్నారై వ్యవసాయ భూమి కొనుడు చట్టం ఒప్పుకోదు. వారసత్వంగ వస్తే ఉంచుకోవచ్చు, అంతే.

చిన్నాయన: నువ్వు కొనవు. మీ అయ్యల పేర, అత్తల పేర కొంటరు. ప్లాట్లైతే మీ పేర్ల మీదనే కొంటరు. ఇప్పుడు చెప్పు. ఈ మూడెకరాలు నన్నే కొనుక్కో అంటున్నవ్ గద. సారూ, మీరు లెక్క చెయ్యుండ్రి. సన్నాలు ఎకరానికి 25 క్వింటాళ్లు. మద్దతు ధర 2,389, సర్కారు బోనస్ 500. మొత్తం ఎంత?

నేను: డెబ్బై రెండు వేల రెండొందల ఇరవై ఐదు.

చిన్నాయన: నారు, నాటు, దుక్కి, ఎరువు, మందులు, కోత మిషిను పోను నాకు మిగిలేది 32,000 అనుకుందాం, అది కూడ కాలం బాగుంటే. 40 లక్షలు ఎన్ని పంటలకు తీరుతది?

నేను: 125 పంటలు. ఏడాదికి రెండు పంటలైతే అరవై రెండున్నరేండ్లు.

చిన్నాయన: నాకిప్పుడు యాభై రెండు. 114 ఏండ్లు బతికితే మా అన్న పొలం నాదైతది. ఎకరానికి 40 లక్షలంటే అది వడ్ల ధరనారా? నీ డాలరుకు 90 రూపాయలు వచ్చినంక పుట్టిన ధర. నీ డాలర్లకు గుణకారం వద్దంటవ్. నా భూమికి మాత్రం ఎవడో గుణించే పెట్టిండు.

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ ఆయకట్టుకు గుణకారం కొత్తేం కాదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలిన తర్వాత గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు ఎడమకాల్వ కిందికి వచ్చారు. అక్కడ ఎకరం అమ్మిన పైసలతో ఇక్కడ అంతకు ఎన్నో రెట్ల భూమి కొన్నారు. వాళ్ల లెక్కలో మా భూమి చవుక. మా నాయన తరం లెక్కలో వాళ్లొచ్చి భూమిని పిరం చేసిండ్రు. ఇద్దరి మాటా నిజమే. వాళ్లూ ఇల్లూ వాకిలీ వదిలి, కొత్త నేలలో బోలెడు కష్టపడ్డవాళ్లే. ఇప్పుడు డల్లాస్ నుంచి వచ్చేది అదే లెక్క. సముద్రం ఒకటి నడుమ అడ్డం, అంతే తేడా.

అబ్బాయి: అంత మాటంటే నేనూ ఒకటడుగుత. మీ వానికి అమెరికా కాలేజీ నుంచి ఐ-20 వచ్చిందని అమ్మ చెప్పింది. నిజమేనా?

చిన్నాయన: (తలకాయ తిప్పి) వచ్చింది.

అబ్బాయి: లోనెంత?

చిన్నాయన: 35 లక్షలు. ఇల్లు, నా ఎకరంనర పెట్టాలట. మిత్తి ఏడాదికి పదకొండు శాతం మీద పడుతది.

అబ్బాయి: అక్కడ ఇంత ఖర్చు, ఉద్యోగానికి భరోసా లేదు అని నేను పొద్దటి సంది మొత్తుకుంటున్న. చదువుకునేటప్పుడు క్యాంపస్‌లనే పని, వారానికి 20 గంటలు. బయట పెట్రోల్ బంకుల చేస్తే వీసా పోతది. డిగ్రీ అయినంక మూడేండ్లు చేసుకోవచ్చు. ఆ మీద హెచ్‌1బీ లాటరీ. ఏడాదికి 85,000 మందికే. ఇప్పుడు ఎక్కువ జీతం ఉన్నోనికే లాటరీల ఎక్కువ అవకాశమంటున్నరు. బయటి నుంచి కొత్తగ తెచ్చుకునేటోళ్లకు లక్ష డాలర్ల ఫీజు పెట్టిండ్రు. ఇయన్ని తెలిసి ఎకరంనర తాకట్టు పెడుతవా? నా పొలం అమ్మొద్దంటవ్, నీది కుదువ పెడుతవ్!

చిన్నాయన: ఇక్కడ ఉంచి ఏం చెయ్యాలె? బీటెక్ అయ్యి ఏడాది. హైదరాబాద్‌ల హాస్టల్ల ఉండుకుంట కోచింగులు. పన్నెండు వేల జీతం అన్నడొకడు, గది కిరాయికి సాలదు. పొలం చేస్తనంటే... (గొంతు తగ్గించి) దున్నేటోనికి పిల్లనెవడిస్తడురా? నువ్వు చెప్పు. నువ్వు ఇక్కడనే వ్యవసాయం చేస్తే మీ మామ ఇచ్చేటోడా?

ఈసారి మాట రానిది అబ్బాయికి.

చిన్నాయనను నేను తప్పు పట్టలేను. అయితే ఆయన లెక్కలో ఒక చిత్రం ఉంది. డల్లాస్ ఖర్చు గురించి అన్నకొడుకు చెప్పిందంతా సాకు అనుకుంటాడు. తన కొడుకు దగ్గరికి వచ్చేసరికి, అదే ఖర్చును తాకట్టు పెట్టి మరీ కొనుక్కుంటాడు.

కొద్దిసేపు మాటలు పొలం వదిలి బియ్యం మీదికి పోయినయి.

అబ్బాయి: 2023 జూలై 20న మనోళ్లు బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపిండ్రు, యాదుందా? ఆ వార్త వచ్చిన రాత్రే స్టోర్ల ముందు లైన్లు. మూడు దుకాణాలు తిరిగిన. సోనామసూరి ఇంటికి ఒక్కటే బ్యాగన్నరు. ట్రాలీల ఎనిమిది బ్యాగులు ఎత్తుకున్నోళ్లను చూసిన. ఆ రాత్రి నాకు ఎంత నవ్వొచ్చిందంటే... మిర్యాలగూడ మిల్లుల నడుమ పెరిగినోణ్ని, తొమ్మిది కిలోల సంచి కోసం లైన్ల నిలబడ్డ.

చిన్నాయన: ఆ ఏడు ఇక్కడ ఏమైందో తెలుసా? సాగర్ నిండలే. యాసంగికి ఎడమకాల్వకు నీళ్లే ఇయ్యలే. మడి నెర్రెలిచ్చింది. అటు నీకు బియ్యం లెవ్వు, ఇటు నాకు నీళ్లు లెవ్వు.

అబ్బాయి: ఇప్పుడు దొరుకుతున్నయి. ఆ సంచి 22 డాలర్లు.

చిన్నాయన: పంతొమ్మిది వందల ఎనభై! కిలో 220! నా వడ్లు కిలో ఇరవై తొమ్మిది!

అబ్బాయి: మల్ల గుణించినవ్. గుణించకు, గంటలు లెక్కపెట్టు. నా జీతం గంటకు 56 డాలర్లు పడుతది. ఆ సంచి నాకు అరగంట కూడ కాదు. నీ నాటుకొచ్చే ఆడామె అదే తొమ్మిది కిలోల సన్నబియ్యం కొనాలంటే ఎంత సేపు పని చెయ్యాలె?

చిన్నాయన: కైకిలి 500. బియ్యం కిలో 55. అంటే... ఒక దినం నడుము వంచితే సరిగ్గ తొమ్మిది కిలోలు.

అబ్బాయి: గదీ. అక్కడ సరుకు చవుక. టీవీ, ఫోను, బియ్యం, పాలు అన్నీ చవుకనే. మనిషి పిరం. మొన్న జుట్టు కత్తిరిచ్చుకుంటే 25 డాలర్లు, మీద టిప్పు 5. నల్లా కారుతుందని మనిషిని పిలిస్తే గుమ్మంల కాలు పెట్టినందుకే 90. బిడ్డకు జ్వరమొచ్చి రాత్రి ఎమర్జెన్సీకి తీస్కపోతే బిల్లు చూసి నాకు జ్వరమొచ్చింది. ఇన్సూరెన్సు ఉన్నది, కని మొదటి 3,000 మనమే పెట్టుకోవాలె. ఇక్కడ మనిషి చవుక. మంగలాయన ఇంటికొస్తడు. పిల్లను చూసుకోను అమ్మమ్మ ఉంటది, నాయినమ్మ ఉంటది.

అంతసేపూ మాటల్లోకి రాకుండా పక్కన తెల్లగుడ్డ పరిచి సకినాలు చుడుతున్నది అబ్బాయి తల్లి. పండుగ అయిపోయింది, ఇవి కోడలికి. మన జిల్లా ఆమె ఎవరో వచ్చే వారం ఇర్వింగ్ పోతున్నదని ఆమె చేతికిచ్చి పంపాలట. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పిండి తిప్పుతూ వలయం లోపల వలయం వేసుకుంట పోతున్నది. కొడుకు మాట దగ్గర ఆ చెయ్యి ఆగింది.

తల్లి: డేకేరుకు ఎంతన్నవ్?

అబ్బాయి: 1,450.

తల్లి: ఏడాదికా?

అబ్బాయి: నెలకే అమ్మా.

తల్లి: నేను రెండుసార్లొచ్చిన. కోడలు పురిటికి ఆరు నెలలు, తర్వాత ఆమె నౌకరికి పోయేటప్పుడు ఆరు నెలలు. మొత్తం పన్నెండు నెలలు. అప్పుడు పిల్ల డేకేరుకు పోయిందా?

అబ్బాయి: నువ్వుండంగ ఎందుకు పోతది?

తల్లి: పన్ను నొప్పని చెప్తే నువ్వేమన్నవ్? 1,400 డాలర్లయితది, లవంగం పెట్టుకో, ఇండియా పోయినంక చూపిద్దామన్నవ్. రెండు నెలలు డబ్బాల లవంగాలేసుకొని తిరిగిన. బీపీ గోలీలు, షుగర్ గోలీలు ఆరు నెలలయి ఇక్కడ్నే కొనుక్కొని చీటీతోటి మోసుకొచ్చిన. ఇన్సూరెన్సు కట్టినవ్, కని పాత రోగాలు అందుల రావన్నవ్.

అబ్బాయి: అమ్మా, గదంత ఇప్పుడెందుకు...

తల్లి: లెక్కలు చేస్తున్నరు గద. నాది రాయలేదు. సారూ, పన్నెండు నెలలు, నెలకు 1,450.

నేను: 17,400.

తల్లి: తొంభైతో గుణించుండ్రి.

నేను: పదిహేను లక్షల అరవై ఆరు వేలమ్మా.

చిన్నాయన పెద్దగా నవ్విండు. చాలా రోజులకు గెలిచినట్టు ఉంది ఆ నవ్వు.

తల్లి: నవ్వకు. పొద్దుగాల ఐదింటికి లేచి నీ మడిల నారు పీకుతున్నది నా చెల్లె, నీ పెండ్లాం. అద్దుమరాత్రి మోటరెయ్యను పోతున్నది కూడ చెల్లెనే. పరాయి పొలంల అయితే 500 ఇస్తరు. నువ్వెన్ని 500లు ఇచ్చినవ్? 125 పంటల లెక్క చెప్పినవ్ గద, అందుల ఆమె కైకిలి ఏ పద్దు కింద రాసినవ్?

చిన్నాయన నవ్వు అక్కడే ఆగింది. బీడీ ఆరిపోయి ఉంది. మళ్లీ ముట్టించలేదు.

నేను లెక్క సరిచూడటానికి ఎరువుల బిల్లు చేతిలోకి తీసుకున్నాను. వెనకాల చోటు లేదు. ముందువైపు యూరియా, డీఏపీ ధరల పక్కన కొంచెం ఖాళీ ఉంది.

చిన్నాయన: (కాసేపాగి, మాట మార్చి) ఇగ ఇది చూడు. వానాకాలం రైతుభరోసా పడ్డది. ఎకరానికి 6,000 చొప్పున 18,000. నాటేసింది మేము, ఎరువు పోసింది మేము. ఫోన్ టింగుమన్నది డల్లాస్‌ల.

అబ్బాయి: పంపిన గద.

చిన్నాయన: పంపినవ్. నేను అడిగినంక.

అబ్బాయి: సరే, ఇప్పటి నుంచి అడగకముందే పంపుత. పొలం ఉన్నన్ని రోజులు.

చిన్నాయన: గదే నేనడిగేది. ఎన్ని రోజులు?

టోల్‌గేటు లైట్లు ఎప్పుడో వెలిగినయి. గడియారం ఎనిమిదిన్నర చూపించింది. డల్లాస్‌లో ఉదయం తొమ్మిది. లోపలి గదిలో ల్యాప్‌టాపు మోగడం మొదలైంది. అబ్బాయి లేవబోయిండు.

తల్లి: ఆగు. ఎకరం ఎంతంటున్నరు?

అబ్బాయి: 40 లక్షలు.

తల్లి: ఎకరానికి నలభై గుంటలు. గుంట లక్ష. నీ మీద నాకున్న బాకీ పదిహేను లక్షల అరవై ఆరు వేలు. ఎన్ని గుంటలైతది సారూ?

నేను: పదిహేనున్నర కంటే కొంచెం ఎక్కువేనమ్మా.

తల్లి: పదిహేనున్నరనే రాయుండ్రి. మిగిలింది పిల్లకు ముద్దులకింద పోనీ. మూడెకరాల్ల ఆ పదిహేనున్నర గుంటలు నాయి. అయి అమ్మేది లేదు. మిగిలింది మీరిద్దరు కొట్లాడుకోండ్రి.

అబ్బాయి: (లోపలికి పోతూ) ఏ దిక్కు రాయమంటవమ్మా?

తల్లి: బోరు దిక్కు.

సకినాల గుడ్డ మీదికి ఆమె చెయ్యి మళ్లీ పోయింది. నేను యూరియా పక్కనున్న ఖాళీలో రాసుకున్నాను.